పదిహేడో సీసా

ఉంది. నా కళ్లతో చూశాను. తెల్లబోర్డు ముందు కాదు, నల్లబోర్డు ముందు. సీసాను మెల్లగా తిప్పి ఆపాక లోపలి మందు ఇంకా సుడి తిరుగుతున్నప్పుడు ఒక పోగు, వెంట్రుకలో సగం కూడా లేదు, ఒక చివర కొంచెం వంగి, లైటు కిందికి వచ్చి మెరిసి పక్కకు పోయింది. బుడగ అయితే పైకి లేస్తుంది, గాజుపెంకు అయితే అడుక్కి దిగుతుంది. ఇది ఆ రెండూ చేయకుండా మందుతో పాటే తిరిగింది. అందుకే కాగితం మీద పదిహేడు అంకె ఎదురుగా పోగు అని రాసి సీసాను తీసేసిన వాటిలో పెట్టాను. అప్పుడు నేను తటపటాయించలేదు. ఇప్పుడు వెంకటరామారావు గారు, ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరిలో పెద్దాయన, పదిహేడోది మంచి సీసాయేనమ్మా అన్నాడు. కసిరి అనలేదు, కసిరితే నాకే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. కాగితం తిప్పి చూపించి, ఇది మేం మంచిదని తెచ్చిన సీసా, మా దగ్గర చాలామంది చూసిన సీసా అన్నాడు. భోజనం చేసి వస్తాం, ఈలోపు కళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వు, తర్వాత ఇంకోసారి చూద్దువుగాని, మాట మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు అన్నాడు. నేను సరే సార్ అని వరండాలోకి వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాను.

టీకాల కంపెనీ వాళ్లు హైదరాబాద్ నుంచి భద్రాచలం దాకా వచ్చి అడవి అంచున ఉన్న ఈ డిగ్రీ కాలేజీలో ఇంటర్వ్యూలు పెట్టారంటే మామూలు సంగతి కాదు. క్వాలిటీ విభాగంలో ఉద్యోగాలు. బయోటెక్నాలజీ చదివినవాళ్లకు మొదట ఇచ్చే పని ఇదే, టీకా నింపిన సీసాలను ఒక్కొక్కటిగా లైటు కింద తెల్లబోర్డు ముందూ నల్లబోర్డు ముందూ పెట్టి లోపల ఏమన్నా ఉందా అని చూడడం. పరీక్ష కోసం ఒక పెట్టెడు సీసాలు తెచ్చారు. కొన్నింట్లో వాళ్లే కావాలని లోపాలు పెట్టారు, కొన్ని మంచివి. లోపమున్నదాన్ని వదిలేసినా తప్పే, మంచిదాన్ని తీసేసినా తప్పే. మంచిదాన్ని తీసేయడం ఒక్కసారికి క్షమిస్తారు, రెండోసారికి ఇంటికి పంపిస్తారు. నా ఒక్కసారి ఇదివరకే అయిపోయింది, ఒక సీసా మెడ దగ్గర గీతను పగులు అనుకున్నాను, అది నా పొరపాటే, ఒప్పుకున్నాను. పదిహేడు రెండోది. పదిహేడు మంచిదని నేను ఒప్పుకుంటే నాకు ఉద్యోగం వస్తుంది. ఒప్పుకోకపోతే రాదు. ఇంతకంటే సులువైన లెక్క నేను ఏ పరీక్షలోనూ చూడలేదు.

"దాంట్ల ఆలోచించేదేముందే," అంది పక్కన కూర్చున్న నవత. సత్తుపల్లి పిల్ల, వాళ్ల నాన్న ఎల్లస్వామి బొగ్గు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడట, పొద్దున పరిచయమై మధ్యాహ్నానికి నన్ను ఏవే ఒసేయ్ అనే దాకా వచ్చింది. "పెద్దసారే మంచిదని చెప్పిండు గదా. అవ్ సార్, నాదే పొరపాటు అను. అయిపోతది."

"నాకు కనబడ్డది నవతా."

"కనబడితే కనబడ్డది. మా నాన్నకు గనిల రోజుకు ఎన్ని తప్పులు కనబడతయో, అన్నీ చెప్తడా ఏంది," అంది తను. అని నా ముఖం చూసి మాట మార్చింది, తన టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తీసి మూతలో పెట్టి ఇచ్చింది. ఒక ముద్ద తిని మిగతాది తిరిగి ఇచ్చేశాను. తర్వాత వాళ్ల ఊరమ్మాయి ఎవరో పిలిస్తే నవత డబ్బా మూసుకుని నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది.

కాలేజీకి ప్రహరీ ఒక పక్కే ఉంది, మిగతా మూడు పక్కలా కంప, దాని వెనక అడవి. టేకు ఆకంతా రాలిపోయి చెట్లు ఎముకల్లా ఉన్నాయి, ఎక్కడో ఇప్పపూలు ఆరబెట్టినట్టున్నారు, ఆ తీపి వాసన గాలి వచ్చినప్పుడల్లా వస్తోంది. కంప దాటి ఇద్దరు ఆడవాళ్లు గంపలతో వెళ్తూ కోయలో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఆ పక్కన బూరుగు చెట్టు. కాయలన్నీ పగిలిపోయాయి. పింజలు గాల్లోకి లేచి, ఏ తొందరా లేకుండా, కాలేజీ మీదుగా పోతున్నాయి, కొన్ని వరండాలో దిగుతున్నాయి, కొన్ని ఇంటర్వ్యూ గది కిటికీలోంచి లోపలికి పోతున్నాయి. లోపల టీకా సీసాలు పెట్టుకుని కిటికీ తెరిచి కూర్చున్నారు, కరెంటు పోయింది కాబట్టి, ఏం చేస్తారు పాపం. వాళ్ల లైటు మాత్రం బ్యాటరీది. నాకు ఈ చెట్టును చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడికి పోయినా దూది నన్ను వదలదు.

మాది దూది ఇల్లు. వైరాలో రోడ్డు మీదే మా షెడ్డు, ముందర పరుపులు చుట్టి నిలబెట్టి ఉంటాయి, వెనక దూది ఏకే మిషన్. నాన్న పేరు రెహమాన్, కానీ వైరాలో ఆయన్ని పరుపుల రెహమాన్ అంటేనే తెలుస్తుంది. మా తాత కాలంలో మిషన్ లేదు, విల్లుతోనే ఏకేవాడు, ఆ విల్లు ఇప్పటికీ షెడ్డు గోడకు తగిలించి ఉంది, నారి తెగిపోయింది. చిన్నప్పుడు బడి లేని రోజు నేను షెడ్డులోనే ఉండేదాన్ని. రేకుల మధ్య సందులోంచి ఎండ ఒక కర్రలా లోపలికి దిగేది, ఆ ఎండలో నూగు తిరిగేది. ఒక్కదాన్ని పట్టుకో చూద్దాం అనేవాడు నాన్న. చెయ్యి విసురుగా చాపితే అది పారిపోయేది, మెల్లగా తీసుకుపోతే వచ్చి వేలి మీద కూర్చునేది. అన్నింట్లోంచి ఒక్కదాన్నే ఎంచుకుని, కళ్లు తిప్పకుండా, అది వెలుగులోంచి చీకట్లోకి పోయి మళ్లీ వెలుగులోకి వచ్చేదాకా ఎదురు చూడడం నాకు అప్పటి నుంచీ అలవాటు. అది చదువు అని నేను అనుకోలేదు, నాన్నా అనుకోలేదు. ఇంట్లో ఎవరు బయటికి పోతున్నా అమ్మ గడప దగ్గర ఆపేది. బకెట్లో చెయ్యి ముంచి, విదిలించి, ఆ తడి చేత్తో మెడ నుంచి నడుం దాకా, భుజాల నుంచి మణికట్టు దాకా ఒకసారి తుడిచేది. పొడి చేత్తో దులిపితే దూది లేచి మళ్లీ మన మీదే కూర్చుంటుంది, తడి చేత్తో అయితే చేతికి వచ్చేస్తుంది. మా చుట్టాలందరి ఇళ్లలోనూ అంతే. పెళ్లికి పోతున్నా తడి చెయ్యి, మసీదుకు పోతున్నా తడి చెయ్యి. పదో తరగతి పరీక్షలకు పోతుంటే నా తెల్ల చున్నీ వెనక అయిదు వేళ్ల తడి అచ్చు పడింది, ఒక పిల్ల చూసి నవ్వింది, నేను ఇంటికి వచ్చి అమ్మతో గొడవ పెట్టుకున్నాను. అమ్మ మర్నాడు మళ్లీ అట్లాగే తుడిచింది.

ఇది నా మొదటి ఇంటర్వ్యూ కాదు. మొదటిది హైదరాబాద్‌లో, వాకిన్ అన్నారు, ఎవరైనా నేరుగా రావచ్చని, తీరా పోతే గేటు బయట బతుకమ్మ ఆడడానికి వచ్చినంత మంది జనం, అందరి చేతుల్లో అవే ప్లాస్టిక్ ఫైళ్లు. నా వంతు వచ్చేసరికి అడిగేవాళ్లకు ఓపిక అయిపోయింది. క్వాలిటీ కంట్రోల్‌కీ క్వాలిటీ అష్యూరెన్స్‌కీ తేడా చెప్పమన్నారు. చెప్పాను. ఫలితం హద్దు దాటి వస్తే ఏం చేస్తావు అన్నారు. ఉన్నది ఉన్నట్టు రాసి పైవాళ్లకు తెలియజేస్తాను అన్నాను. అందరూ ఇదే చెప్తారమ్మా అన్నాడొకాయన ఆవులిస్తూ, అంతటితో అయిపోయింది. ఇంకోచోట, పేరు చూసి, మెహర్ అంటున్నావు తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నావే అని ఆశ్చర్యపోయారు. వైరాలో పుట్టినదాన్ని మరి ఏం మాట్లాడాలి. అక్కడే ఇంకొకాయన, మందు నింపే గదుల లోపల బురఖా అదీ కుదరదు, తెలుసు కదా అన్నాడు. నేను బురఖా వేసుకుని పోలేదు. అయినా నోరూరుకోక, లోపల అందరిదీ అదే వేషం కదా సార్, తల నుంచి కాళ్ల దాకా కప్పేసి కళ్లు మాత్రమే కనబడతాయి, మగవాళ్లకు కూడా అన్నాను. అందరూ నవ్వారు. నేను బాగానే చెప్పాననుకున్నాను. ఉద్యోగం మాత్రం రాలేదు. మూడోది బోనకల్ నుంచి రైలెక్కి పోయిన ఇంటర్వ్యూ. అన్నీ బాగా జరిగాయి. చివర నాన్న ఏం చేస్తాడన్నారు. పరుపులు కుడతాడు, దూది ఏకుతాడు అన్నాను. ఎదురుగా ఉన్నామె మంచిదే, నవ్వుముఖం, కానీ వెంటనే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. అయ్యో, దూదా, నలుసు కూడా చొరబడకూడని మా క్లీన్‌రూమ్‌కి అన్నింటికంటే పెద్ద శత్రువు అదే కదా అంది. సరదాకే అంది. ఆ తర్వాత తను నా ముఖం కాకుండా నా చేతుల మీద, భుజాల మీద ఏదో వెతుకుతున్నట్టు చూసింది. అక్కడి నుంచి బయటికి వచ్చి ప్లాట్‌ఫారం మీద కూర్చుని నా బట్టలు నేనే వెతుక్కున్నాను. ఆ రోజు నాకు నా ఇల్లంటే సిగ్గు వేసింది, ఆ సిగ్గు మీద నాకు ఇప్పటికీ కోపం.

అందుకే ఇవాళ సుబ్బరత్నం మేడమ్, ఇద్దరిలో రెండో ఆవిడ, నాన్న ఏం చేస్తారమ్మా అంటే వ్యాపారం మేడమ్ అన్నాను. ఏ వ్యాపారం అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

వ్యాపారం చేసే ఆ మనిషి ఇక్కడికి పిలిస్తే పలికేంత దూరంలో దవాఖానాలో పడుకుని ఉన్నాడు. ఎండాకాలం వస్తే నాన్న బూరుగు దూది కోసం ఇటు అడవి ఊళ్లకు వస్తాడు. పోతయ్య అని ఆయన పాత స్నేహితుడు, కోయాయన, ఊరందరి దగ్గరా కాయలు పోగు చేయించి ఉంచుతాడు. దిండుకు బూరుగే బాగుంటుంది, చల్లగా ఉంటుంది. నిన్న సాయంత్రం గోతాల్లో దూది తొక్కుతూ తొక్కుతూ నాన్నకు ఊపిరి ఆడలేదట. పోతయ్యే ఆటో మాట్లాడి తీసుకొచ్చి చేర్పించి మాకు ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూ కోసం ఎట్లాగూ ఇవాళ ఇక్కడికి రావాల్సినదాన్నే, ఆ బట్టలే సంచిలో పడేసుకుని అమ్మతో కలిసి అప్పటికప్పుడు బస్సెక్కాను. జూలూరుపాడు దగ్గర అమ్మ, నీ తమ్ముడు అజారుద్దీన్ తిన్నడో లేదో అంది, అంతే. పొద్దున డాక్టరు ఎక్స్‌రే కిటికీకి అడ్డం పెట్టి నాకు చూపించాడు, చదువుకున్నదాన్నని. నల్లగా ఉండాల్సిన చోట సన్నటి తెల్లటి గీతలు. ఎన్నేళ్లుగా దూదిలో ఉన్నాడమ్మా అన్నాడు. పుట్టినప్పటి నుంచీ అన్నాను. ఇకమీదట షెడ్డులోకి పోనివ్వకండి, పోతే నేను చెప్పేదేమీ లేదు అన్నాడు. నాన్న ముక్కుకు మందు ఆవిరి మాస్కు, అమ్మ అది జారిపోకుండా పట్టుకుని కూర్చుంది. నేను బయలుదేరుతుంటే నాన్న మాస్కు పైనుంచి కళ్లతోనే పొమ్మన్నాడు. అమ్మ లేవబోయింది, మాస్కు వదిలితే జారుతుంది, మళ్లీ కూర్చుంది. పొద్దున నన్ను ఎవరూ తడి చేత్తో తుడవలేదు. అది నాకు అప్పుడు తోచలేదు.

ఇప్పుడు తోచింది. తోచి నా చేతుల వైపు చూసుకున్నాను. కుడి చేతి మణికట్టు దగ్గర, నీలం కమీజు అంచు మడతలో, తెల్లగా ఒక పోగు.

ఊపిరి బిగపట్టాను, గాలికి ఎగిరిపోతుందేమోనని. ఎగిరిపోతే బాగుండుననీ అనుకున్నాను, రెండూ ఒకేసారి. చుట్టూ చూశాను. నవత నీళ్లు తాగుతోంది. ఎవరూ నన్ను చూడడం లేదు. గిల్లి పారేస్తే ఇట్లాంటిది ఒకటి ఉండేదని దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. కానీ పారేయాల్సిన పని కూడా లేదు కదా, ఇది నా పాలిటికి వరమే కదా అని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. సీసాను ఈ చేత్తోనే తిప్పాను. ఇదో, ఇట్లాంటిదో సీసా బయట అంటుకుని ఉంటుంది, వెలుగులో లోపల ఉన్నట్టు కనబడి ఉంటుంది. అయితే సీసా మంచిదే. అయితే వెంకటరామారావు గారి మాట నిజమే. అయితే నేను లోపలికి పోయి, నాదే పొరపాటు సార్ అంటే అది అబద్ధం కాదు. నా మనసు ఎంత తెలివైనదో చూడండి, నాకు ఉద్యోగమూ ఇప్పిస్తోంది, నిజాయితీపరురాలు అనే పేరూ ఉంచుతోంది. చాలాసేపు ఆ ఆలోచనలోనే హాయిగా కూర్చున్నాను. జీతం వస్తుంది. షెడ్డుకు తాళం వేస్తాం. మిషన్ అమ్మేస్తాం, విల్లు ఉంచుకుంటాం. నాన్న పొద్దున్నే లేచి తెల్ల చొక్కా వేసుకుని చెరువుగట్టు మీద నడిచి వస్తాడు, వైరా గాలి మంచిది, మెల్లగా దగ్గు తగ్గుతుంది. ఇదంతా పదిహేడో సీసాలో ఉంది.

అయినా చెయ్యి పైకెత్తి పోగును ఎండకు పెట్టి చూశాను. చూడకుండా ఉండాల్సింది. నిటారుగా ఉంది, పట్టులా మెరుస్తోంది. బూరుగు. రాత్రి దవాఖానాలో నేను నాన్న సంచులు సర్దుతుంటేనో, ఇందాక ఈ వరండాలోనో అంటుకుంది. బూరుగు పోగు పత్తి పోగులా మెలి తిరగదు, ఎక్కడ పెట్టినా గడ్డిపరకలా నిటారుగానే ఉంటుంది. అందుకే దాన్ని వడకలేరు, దిండ్లలో కుక్కాల్సిందే. నేను సీసాలో చూసినదానికి ఒక చివర వంపు ఉంది. ఉందా? ఉంది. తడిస్తే బూరుగు కూడా వంగుతుందేమో. వంగుతుందా? నేనెప్పుడూ తడిసినదాన్ని చూడలేదు. బయట అంటుకున్నదైతే సీసాతో పాటు తిరగాలి, సీసా ఆపితే ఆగాలి. అది ఆగలేదు. నేను సీసాను ఆపాక కూడా అది తిరిగింది. ఇది మాత్రం నాకు గట్టిగా గుర్తుంది. ఇంతసేపూ నేను గుర్తు తెచ్చుకోకుండా పక్కన పెట్టింది ఇదే.

మరి అంతమంది చూసిన సీసాలో ఎవరికీ కనబడనిది నాకెందుకు కనబడింది? సీసా అడుగు మూలలో ఇరుక్కుని ఉండి ఇవాళ కదిలిందేమో. ఇన్ని కిలోమీటర్లు జీపులో కుదిపి తెచ్చారు. లేకపోతే నా కంటిలోనే ఏదో ఉందేమో, పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, నిన్న నిద్ర లేదు. ఆ ఎక్స్‌రేలో సన్నటి తెల్ల గీతలు చూసి వచ్చి నల్లబోర్డు ముందు కూర్చున్నాను, ఇంకేం కనబడుతుంది? ఇదీ నిజమే కావచ్చు. నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కాదు, నా కళ్లను నేనే నమ్మలేకపోతున్నానన్న భయం. ఎండలో తిరిగే నూగులోంచి ఒక్కదాన్ని పట్టుకున్న ఆ కళ్లు తప్ప నా దగ్గర వేరే ఏమీ లేదు.

"మెహర్ ఎవరు, రామ్మా," అని అటెండరు పిలిచాడు.

లోపల కరెంటు వచ్చింది, ఫ్యాను తిరుగుతోంది. పెద్దసారు ఏలకులు నములుతున్నాడు. సుబ్బరత్నం మేడమ్ కిటికీ మూస్తూ, ఈ దూదేమిటో తల్లీ, పొద్దుటి నుంచీ అంతా ఇదే అంది. పదిహేడో సీసా బోర్డు ముందు ఒక్కటే ఉంది. ముందు దాన్ని బయట తుడవొచ్చా సార్ అని అడిగాను. తుడువమ్మా అన్నాడు. వాళ్లు ఇచ్చిన తడి గుడ్డతో పై నుంచి కిందికి, ఒకే వైపుకి, అమ్మ తుడిచినట్టే తుడిచాను. మెల్లగా తిప్పి ఆపాను. నల్లబోర్డు. మందు తిరిగింది, తిరిగి తిరిగి నిలిచింది. ఏమీ లేదు. తెల్లబోర్డు. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. నా జీవితంలో నేను దేనికోసమూ అంతగా వెతకలేదు. సీసా శుభ్రంగా, బోసిగా, నన్ను ఎరగనట్టే ఉంది.

"కనబడిందా?" అన్నాడు పెద్దసారు.

"లేదు సార్."

"మరి మార్చుకుంటావా?" అని పెన్ను నా వైపు జరిపాడు. ఆయన గొంతులో ఏ ఎత్తుగడా లేదు, ఈ పిల్లకు ఉద్యోగం వస్తే బాగుండునన్న దయే ఉంది. ఆ దయ చూసేసరికి నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"సార్, పొద్దున కనబడింది. ఇప్పుడు కనబడలేదు. రెండూ నిజమే," అన్నాను. "ఇంకోటి కూడా చెప్పాలి సార్. ఇందాక నా చేతి మీద ఇది దొరికింది." మణికట్టు చాపి చూపించాను. మడతలో ఇంకా ఉంది, నేను తీయలేదు. "మేడమ్ అడిగితే వ్యాపారం అన్న. మాది దూది పని. మా నాన్న దూది ఏకి పరుపులు కుడతడు. నేను ఆ ఇంట్లకెళ్లే వచ్చిన. ఇది సీసాకు బయట అంటుకుందేమోనని మస్తు ఆలోచించిన. అది సీసా ఆపినంక కూడ తిరిగింది సార్, అందుకని లోపలిదే అనిపిస్తది. కానీ ఒట్టేసి చెప్పలేను." ఇంటర్వ్యూ కోసం అద్దం ముందు దిద్దుకున్న భాష అంతా ఎటో పోయింది, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను.

మేడమ్ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని పోగును దగ్గరగా చూసింది. కుర్చీ వెనక్కి జరుపుకున్న ఆవిడ గుర్తొచ్చింది నాకు. ఈవిడ చెయ్యి వదలలేదు.

"అయితే ఆ సీసా మంచిదా కాదా? ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా," అన్నాడు పెద్దసారు.

"నాకు తెల్వదు సార్. తెల్వనప్పుడు మంచిదని నేను రాయలేను. ఎవరో ఒక పిల్లకు వేస్తరు గదా సార్ దాన్ని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నేను నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ ఈ పరీక్షకు జవాబులు ముందే రాసి ఉంటాయి, నేను దిద్దడానికి లేదు. రెండు మంచి సీసాలు తీసేశావు. ఈసారికి కుదరదమ్మా," అన్నాడు. నేను సరే సార్ అన్నాను. నమస్కారం పెట్టాను. పొద్దుటి నుంచీ మోసిన బరువు దిగిపోతుందనుకున్నాను, అదేమీ దిగలేదు. ఉద్యోగం పోయింది, నాన్న మళ్లీ షెడ్డులోకి పోతాడు, నేను ఎంత గొడవ చేసినా పోతాడు. తలుపు దాకా వచ్చాక మేడమ్ వెనక నుంచి, నాన్నగారికి ఎట్లా ఉంటుందమ్మా, ఆ పనిలో దగ్గూ అదీ ఉంటుంది కదా అంది. ఇక్కడే దవాఖానాలో ఉన్నడు మేడమ్ అన్నాను. ఆవిడ అయ్యో అంది.

వరండాలో నవత ఆత్రంగా చూసింది, నా ముఖం చూసి భుజం మీద చెయ్యి వేసి నొక్కి, తనను పిలిస్తే లోపలికి వెళ్లింది. ఆ పిల్లకు వస్తే బాగుండును, మనస్ఫూర్తిగానే అనుకున్నాను, లోపల ఎక్కడో కొంచెం మండింది కూడా. మెట్లు దిగుతూ కిటికీ అద్దంలోంచి చూశాను. నవత కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. సుబ్బరత్నం మేడమ్ మాత్రం ఇంకా బోర్డు ముందే నిలబడి ఉంది. చేతిలో ఒక్క సీసా. తిప్పింది, ఆపింది, తల వంచి చూసింది. మళ్లీ తిప్పింది. పెద్దసారు ఏదో అన్నాడు, ఆవిడ సీసా మీంచి కళ్లు తీయలేదు. ఆవిడకు కనబడిందో లేదో నాకు తెలియదు. నేను ఆగలేదు.

గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది. దవాఖానా నుంచి ఎండలో నడిచి వచ్చింది, కొంగు తల మీద కప్పుకుని, చేతిలో గిన్నె మూట. ఎంతసేపటి నుంచి ఉందో. నాన్న ఎట్లున్నడమ్మా అన్నాను. ఇంత గంజి తాగిండు, ఇప్పుడే కన్ను మూసిండు, పోతయ్యన్న కూసున్నడు పక్కన అంది. తర్వాత నా ముఖం వైపు చూసింది. మా అమ్మ ఇమాంబీ కళ్లు అవి, నాకు వచ్చిన కళ్లు నాన్నవి కావు, ఈవిడవే. మూట నా చేతికిచ్చి, గేటు పక్కన నల్లా దగ్గరికి పోయి, చెయ్యి తడిపి విదిలించుకుని వచ్చింది. నా మెడ మీద, భుజాల మీద, ఆ తడి చెయ్యి చల్లగా దిగుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

"అయిపోయిందమ్మా ఇంటర్వ్యూ," అన్నాను. "వస్తలేదు."

అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది, మణికట్టు దాకా వచ్చి ఆ మడతలోని పోగును తీసేసింది.

"ఇంకోటి ఉంటది గదా," అంది. "ఇటు తిరుగు."

తిరిగాను.